కరెంటు పోయిందని బల్బుకి ఎలా తెలుస్తుంది?

నమస్కారం. కరెంటు పోగానే దానంతటదే వెలిగే ఎమర్జెన్సీ బల్బు చాలామంది ఇళ్లలో ఉండే ఉంటుంది. చూడ్డానికి మామూలు ఎల్‌ఈడీ బల్బే, మామూలు హోల్డర్‌లోనే పెడతాం, లోపల మాత్రం ఒక చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోతే వెలుగుతుంది సరే, కరెంటు లేనప్పుడే మీరు స్విచ్ ఆఫ్ చేశారనుకోండి, ఆరిపోతుంది! దాని సంగతే ఈ రోజు మాట్లాడుకుందాం.

ఆలోచించి చూడండి. కరెంటు పోతే బల్బుకి అందే వోల్టేజీ సున్నా. మనం స్విచ్ ఆఫ్ చేసినా సున్నాయే. అంటే కరెంటు రావడం లేదని కనిపెట్టడం పెద్ద విషయం కాదు, అది ఏ చిన్న సర్క్యూట్ అయినా చేస్తుంది. ఎందుకు రావడం లేదో తెలుసుకోవడమే కష్టం. పెద్ద భవనాల్లో బయటికి దారి చూపించే ఎమర్జెన్సీ లైట్లకి ఈ బాధ లేదు, వాటికి స్విచ్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ కరెంటు ఉండే వైరు ఒకటి విడిగా లాగుతారు. మన బల్బుకి ఉన్నవి రెండే రెండు కొసలు, ఏం తెలుసుకోవాలన్నా ఆ రెండింటి గుండానే తెలుసుకోవాలి.

అందుకే అది ఎదురుచూస్తూ కూర్చోదు, తనే అడుగుతుంది. బయటి కరెంటు ఆగిపోగానే, బ్యాటరీలో ఉన్న 3.7 వోల్టుల నుంచి కొంచెం వోల్టేజీని కరెంటుని బాగా తగ్గించే రెసిస్టర్ల గుండా తన రెండు కొసల మధ్య పెట్టి, కరెంటు ప్రవహిస్తుందా లేదా అని చూస్తుంది, లోపల ఎవరైనా ఉన్నారేమో అని తలుపు తట్టి చూసినట్టు. స్విచ్ ఆన్‌లో ఉంటే ఆ బుల్లి కరెంటు స్విచ్ దాటి ఫేజు వైరులోకి వెళ్లి, ఇంట్లో ఆన్‌లో ఉన్న ఫ్యాను మోటారు చుట్టల గుండానో, ఫ్రిజ్ గుండానో, ఇంకా ముందుకు పోయి వీధిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట గుండానో న్యూట్రల్ వైరు పట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది. దారి పూర్తయింది, అంటే స్విచ్ ఆన్‌లోనే ఉంది, కరెంటే లేదు, కాబట్టి వెలుగు. అదే స్విచ్ ఆఫ్‌లో ఉంటే దారి అక్కడే తెగిపోతుంది, బల్బు ఆరిపోయే ఉంటుంది. నాకు ఈ పద్ధతిలో అన్నింటికంటే నచ్చేది ఇదే: ఇల్లంతా, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా, ఆ బల్బు సర్క్యూట్‌లో భాగమైపోతుంది.

హోల్డర్‌లోంచి తీసిన బల్బు కొసలు రెండింటినీ ఒకేసారి వేలితో తాకితే వెలగడం మీరు చూసే ఉంటారు. అది కూడా ఇదే. వేలి చర్మానికి లక్ష ఓమ్‌ల నిరోధం ఉందనుకుంటే, 3.7 వోల్టులకి అందులోంచి పోయే కరెంటు 37 మైక్రో ఆంపియర్లు, లోపలి రెసిస్టర్ల వల్ల ఇంకా తక్కువే. మనకి తెలియనైనా తెలియదు, బల్బుకి మాత్రం అది చాలు. ఇది బల్బు విడిగా చేతిలో ఉన్నప్పుడు మాత్రమే చేయాల్సిన పని సుమా, హోల్డర్‌లో ఉండగా వేలు పెట్టకూడదు. ఇంకోటి, ఈ బల్బుని డ్రాయర్‌లో ఇనప సామాను మధ్య పడేస్తే కొసలకి ఏదైనా తగిలి లోపలే వెలుగుతూ బ్యాటరీ అంతా అయిపోవచ్చు.

దారి ఎలా పూర్తవుతుందో తెలిస్తే బల్బు పెట్టే చిక్కులు కూడా అర్థమవుతాయి. మెయిన్ స్విచ్ ఆపి చూశాం, బల్బు వెలగలేదు, పాడైంది అని కొందరు అనేస్తారు. మెయిన్ ఆపితే ట్రాన్స్‌ఫార్మర్ వైపు దారి తెగిపోతుంది కదా, ఇక మిగిలేది ఇంట్లోని సామానే. అప్పుడు ఒక ఫ్యాను స్విచ్ వేసి చూడండి, చాలాసార్లు బల్బు వెంటనే వెలుగుతుంది. ఫోన్ ఛార్జర్లు, మామూలు ఎల్‌ఈడీ బల్బుల మీద ఈ విషయంలో ఆధారపడలేం, అంత చిన్న వోల్టేజీని అవి సరిగ్గా పోనివ్వవు. ఇక ఒకే స్విచ్ కింద రెండు ఎమర్జెన్సీ బల్బులు పెడితే, స్విచ్ ఆపినా ఒకదానికొకటి దారి ఇచ్చుకుని రెండూ ఆరకుండా ఉండే అవకాశం ఉంది. అలా జరిగితే ఒకటి తీసేయడమే మందు. ఇన్వర్టర్ లైనులో పెడితే మాత్రం దానికి కరెంటు పోయినట్టే ఉండదు, ఇన్వర్టర్ పనిచేస్తున్నంతసేపూ బ్యాటరీ ఊరికే కూర్చుంటుంది.

లైన్లో పనిచేసేవాళ్లకి ఈ బల్బు పంపే కరెంటు ప్రమాదమా అన్న అనుమానం రావచ్చు, కాదు, అది బ్యాటరీ వోల్టేజీ, అదీ రెసిస్టర్ల వెనక ఉంది. కానీ బల్బు వెలుగు తీరు చూసి వైర్లలో కరెంటు లేదని మాత్రం ఎప్పుడూ అనుకోకండి, బ్యాటరీ మీద వెలుగుతుండగానే సరఫరా తిరిగి రావచ్చు. వైరింగ్ ముట్టుకునే ముందు మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకోవాల్సిందే.

చివరగా బ్యాటరీ మాట. లిథియం బ్యాటరీకి వేడి పడదు, గాలి ఆడని మూసేసిన గ్లోబుల్లో పెడితే త్వరగా నీరసపడుతుంది. ఛార్జి కూడా స్విచ్ ఆన్‌లో ఉండి, కరెంటు ఉన్నంతసేపే ఎక్కుతుంది. అందుకని ఎప్పుడో ఒకసారి లైటు వేసే స్టోర్ రూములో దీన్ని పెట్టకండి, రోజూ కొన్ని గంటలు లైటు వెలిగే వంటింట్లోనో మెట్ల దగ్గరో పెట్టుకోండి.