బస్సులో మోగిన ఫోన్

అందరికీ నమస్కారం.

అమెరికా ఎన్నికల్లో డబ్బు గురించి మాట్లాడమన్నారు. ఎన్నికలు, డబ్బు అనగానే మనకు ఒక హోటల్ గది, ఒక సూట్‌కేసు, చేతులు మారే నోట్ల కట్టలు కళ్ల ముందు మెదులుతాయి. అలాంటివీ జరిగాయి. జాక్ అబ్రమాఫ్ అనే పేరుమోసిన లాబీయిస్టు, అంటే డబ్బు తీసుకుని క్లయింట్ల తరఫున ప్రభుత్వంలో పైరవీ చేసే మనిషి, 2006 జనవరిలో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఆయన పెట్టిన గోల్ఫ్ యాత్రకు స్కాట్లాండ్ వెళ్లొచ్చిన ఒహాయో ప్రతినిధి బాబ్ నే కూడా జైలుకెళ్లాడు. కానీ ఈ పూట నేను చెప్పాలనుకున్నది వాళ్ల సంగతి కాదు. చట్టం గీత దాటకుండా, పట్టపగలు, రసీదులతో సహా నడిచే వ్యవహారం సంగతి.

2008 అధ్యక్ష ఎన్నికలు. రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్ ప్రచార బస్సు పేరు 'స్ట్రెయిట్ టాక్ ఎక్స్‌ప్రెస్'. ఉన్నమాట మొహం మీదే చెప్పే బండి అన్నమాట. ఎన్నికల విరాళాలకు ముకుతాడు వేస్తూ 2002లో వచ్చిన చట్టం మీద మెకెయిన్ పేరే ఉంది. అలాంటి మనిషికి ప్రధాన సలహాదారు చార్లీ బ్లాక్. అప్పటికి ఈయన ఒక పెద్ద లాబీయింగ్ సంస్థకు ఛైర్మన్ కూడా. పని మానేసి వచ్చారా అంటే, లేదు. చాలా పని ఆ బస్సులోంచే ఫోన్ మీద చక్కబెట్టుకుంటున్నానని వాషింగ్టన్ పోస్ట్ పత్రికకు ఆయనే చెప్పారు. దాచుకోవాల్సిన విషయమని ఆయనకు తోచినట్టు లేదు.

అవతలి నుంచి ఫోన్ చేసే కంపెనీ పెద్దమనిషి ఎలా అనుకుంటాడో ఊహించండి. బస్సు హోరు వినిపిస్తోంది. తన తరఫు మనిషి కాబోయే అధ్యక్షుడికి నాలుగు సీట్ల అవతల కూర్చున్నాడు. ఇక విడిగా హామీ ఎందుకు? ఆ హోరే హామీ. విమర్శలు ముదిరాక మార్చిలో బ్లాక్ సంస్థ నుంచి తప్పుకున్నారు. మే నెలలో మెకెయిన్ బృందం, ప్రచార సిబ్బంది లాబీయిస్టులుగా ఉండకూడదని కొత్త నియమం పెట్టింది, కొందరు ప్రచారం వదిలి వెళ్లారు.

అటువైపు బరాక్ ఒబామా, ఫెడరల్ ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన లాబీయిస్టుల విరాళాలు తీసుకోనన్నారు. మంచిదే. అయితే కిటుకంతా ఆ 'రిజిస్టరైన' అన్న మాటలోనే ఉంది. 1995 చట్టం ప్రకారం, ఒక క్లయింటుకు చేసే పనిలో లాబీయింగ్ వాటా 20 శాతానికి చేరకపోతే రిజిస్టర్ కానక్కర్లేదు. 19 శాతం దగ్గర ఆగినాయన పేరు 'వ్యూహాత్మక సలహాదారు'. ఆయన చెక్కు చెల్లుతుంది.

చెక్కుల్లోనూ ఒక నేర్పుంది. కంపెనీలు తమ ఖజానా లోంచి ఫెడరల్ అభ్యర్థులకు నేరుగా విరాళం ఇవ్వకూడదని 1907లోనే చట్టం చేశారు. మనిషికి పరిమితి కూడా ఉంది, 2000లో అది వెయ్యి డాలర్లు. వెయ్యి డాలర్లకు ఎవరు గుర్తుంటారు? అందుకని ఒక పెద్దమనిషి తన స్నేహితుల దగ్గర, కింద పనిచేసేవాళ్ల దగ్గర వంద చెక్కులు పోగేసి పెడతాడు. ఇతన్ని బండ్లర్ అంటారు. జార్జ్ బుష్ ప్రచారంలో లక్ష డాలర్లు పోగేసినవాళ్లకు 'పయనీర్' అని బిరుదు. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చారు. చెక్కు రాసేవాళ్లు దాని మీద ఆ నంబరు కూడా వేయాలి. ఎందుకు? చెక్కిచ్చినవాణ్ణి కాదు, ఇప్పించినవాణ్ణి గుర్తుపెట్టుకోవడానికి. నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నిజాయితీగా కనిపించేది చెక్కు మూలన రాసిన ఆ నంబరే.

అబ్రమాఫ్ గొడవ తర్వాత 2007లో నిబంధనలు బిగించారు. లాబీయిస్టు ఇక అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యుడికి భోజనం పెట్టించకూడదు. రిసెప్షన్లలో నిలబడి తినే చిరుతిళ్లు పర్వాలేదు. దీనికి వాషింగ్టన్‌లో 'టూత్‌పిక్ రూల్' అని పేరు పెట్టుకున్నారు. పుల్లకు గుచ్చుకు తింటే నీతి, ఫోర్కుతో తింటే అవినీతి! అసలు తమాషా ఇంకోటుంది. అదే భోజనాన్ని ఎన్నికల నిధుల సేకరణ కార్యక్రమంగా పెడితే ఈ నిషేధం వర్తించదు. అంటే లాబీయిస్టు ఊరికే భోంచేయిద్దామంటే తప్పు. భోజనంతో పాటు చెక్కు కూడా ఇస్తే ఒప్పు.

ఇంత చేసి కొనేదేమిటి? ఓటనుకుంటాం. నేనైతే మొహమాటం అంటాను. మనకు బాగా తెలిసిన సరుకే. సాయం చేసినవాడు ఫోన్ చేస్తే ఎత్తకపోతే బాగుండదు కదా, అంతే. మాజీ కాంగ్రెస్ సభ్యుడు మిక్ మల్వానీ దీన్ని నిర్మొహమాటంగా బయటపెట్టారు. 2018లో బ్యాంకర్ల సభలో ఆయన చెప్పిందిది: కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నప్పుడు, తనకు ఎన్నడూ డబ్బివ్వని లాబీయిస్టుతో మాట్లాడేవాణ్ణి కాదు, ఇచ్చినవాడితో మాట్లాడితే మాట్లాడేవాణ్ణి. నియోజకవర్గం నుంచి వచ్చి కూర్చున్నవాళ్లతో తప్పకుండా మాట్లాడేవాణ్ణని కూడా అన్నారు. కాకపోతే బస్సో విమానమో ఎక్కి అంత దూరం వచ్చి కూర్చునేవాళ్లు ఎందరు?

సభ్యులకూ ఇది సరదా ఏం కాదు. 2013లో బయటికొచ్చిన ఒక నమూనా దినచర్య చూడండి. డెమొక్రటిక్ పార్టీ కొత్త సభ్యుల కోసం తయారుచేసింది. రోజులో 4 గంటలు విరాళాల కోసం ఫోన్లు చేయాలి. ప్రభుత్వ కార్యాలయంలో కూర్చుని డబ్బు అడగడం నేరం కాబట్టి, వీధి దాటి పార్టీ ఆఫీసుకెళ్లి, అక్కడి నుంచి డయల్ చేస్తారు. 2010 కోర్టు తీర్పుల తర్వాత, అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా విడిగా ప్రచార ఖర్చు పెట్టే 'సూపర్ ప్యాక్' అనే సంఘాలకు విరాళాల పరిమితే లేకుండా పోయింది. అది వేరే కథ, ఇంకో రోజు చెప్పుకుందాం.

మొహమాటం ఖరీదెంతో తెలియాలంటే 2003 నవంబరు 22 తెల్లవారుజాముకి వెళ్లాలి. వృద్ధుల మెడికేర్ పథకంలో మందుల ఖర్చును చేర్చే బిల్లు మీద ప్రతినిధుల సభలో ఓటింగ్. మామూలుగా 15 నిమిషాల పని. ఓట్లు చాలకపోవడంతో దాదాపు 3 గంటలు తెరిచే ఉంచారు. నిద్రమొహాలతో ఉన్న సభ్యుల్ని బతిమాలి, నచ్చజెప్పి, చివరికి 220-215తో గట్టెక్కించారు. మందుల ధరల గురించి ప్రభుత్వం కంపెనీలతో బేరమాడకూడదని ఆ చట్టంలో ఒక వాక్యం ఉంది. దేశంలోకెల్లా పెద్ద కొనుగోలుదారుల్లో ఒకరికి బేరమాడే హక్కు లేకుండా పోయింది!

ఆ బిల్లు నడిపించినవాళ్లలో ముఖ్యుడు బిల్లీ టాజిన్. 2005 జనవరిలో సభ్యత్వం ముగియగానే మందుల కంపెనీల సంఘం ఫార్మాకు అధ్యక్షుడయ్యారు. ఆ వాక్యానికి మినహాయింపు తేవడానికి 2022 దాకా పట్టింది. అప్పుడు కూడా మొదట కొన్ని మందులకే. బేరమాడిన ధరలు మొదటి 10 మందులకు అమల్లోకి వచ్చింది 2026 జనవరి 1న. 2003లో ఆ రాత్రి టీవీలో ఓటింగ్ చూస్తూ కూర్చున్న 65 ఏళ్ల మనిషికి ఆ రోజుకి 87 వచ్చి ఉంటాయి.