నిఘంటువు బీరువా తాళం తీయండి

(చిత్తూరులో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే చదివారు. మళ్ళీ మొదలుపెడితే పిల్లల బస్సు టైము అయిపోతుంది. పూతలపట్టు వైపు నుంచి, గంగాధర నెల్లూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు ముందు కూర్చున్నారు. నేను మాట్లాడేది వాళ్ళతోనే. పెద్దలు మాత్రం లేచి వెళ్ళకండి, చివర్లో నేను అడగబోయేది మిమ్మల్ని.

ఇంగ్లీషు పదసంపద గురించి చెప్పమన్నారు. అంత పెద్ద విషయం నాకొద్దు, ఒక్క మాట చాలు. రన్. ఇంగ్లీషులో రాస్తే మూడే అక్షరాలు.

పిల్లలూ, రన్ అంటే ఏమిటి? పరిగెత్తడం. బాగుంది, అందరూ ఒకేసారి చెప్పారు. మరి మీ తమ్ముడికి జలుబు చేసింది, వాడి నోస్ రన్ అవుతోంది. ముక్కు పరిగెత్తుతోందా? కారుతోంది. స్వర్ణముఖి శ్రీకాళహస్తి పక్కన రన్ అవుతుంది అంటే పారుతుంది. మీ మామ హోటలు రన్ చేస్తున్నాడు అంటే నడుపుతున్నాడు. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులు తిరుగుతాయి, సినిమా వంద రోజులు ఆడుతుంది, ఇంట్లో బియ్యం అయిపోతాయి, షుగరు జబ్బు ఒక వంశంలో తరతరాలుగా వస్తుంది. వీటన్నిటికీ ఇంగ్లీషువాళ్ళు రన్‌నే వాడతారు. బ్యాంకు మునిగిపోతోందని పుకారు పుట్టి, డబ్బు దాచుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా వెళ్ళి మీద పడితే దాన్ని బ్యాంకు మీద రన్ అంటారు. ఎన్నికలు చూడండి. అమెరికాలో పదవికి రన్ అవుతారు, ఇంగ్లండులో స్టాండ్ అవుతారు. మన ఊళ్ళో? 'ఈసారి సర్పంచికి మా పెదనాన్న నిలబడ్డాడు' అంటాం.

వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు అని ఒకటుంది. మొదటి కూర్పు 1928లో పూర్తయింది. 1989లో వచ్చిన రెండో కూర్పు 20 సంపుటాలు. అందులో ఒక్కో మాటకు ఇచ్చిన వివరణల్లో అన్నిటికంటే పొడవైనది సెట్ అనే మాటది. తరువాత సవరణలు మొదలుపెట్టి రన్ దగ్గరికి వచ్చేసరికి, ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క మాట మీద తొమ్మిది నెలలకు పైగా కూర్చున్నారు. ఇన్ని అర్థాలు ఎందుకొచ్చాయంటే, యంత్రాలు కూడా ఒక కారణం. ఆవిరి యంత్రం వచ్చింది, రైలు వచ్చింది, ఫ్యాక్టరీ వచ్చింది, కంప్యూటరు వచ్చింది. వచ్చినదల్లా 'రన్' అయింది. మన మెకానిక్ కూడా 'ఇంజన్ రన్నింగ్‌లో పెట్టు' అంటాడు, 'పరుగులో పెట్టు' అనడు.

ఇక పర్యాయపదాలు. గైడులో ఒక గడి గీసి రన్ ఎదురుగా స్ప్రింట్, డ్యాష్, ఫ్లో, ఆపరేట్, మేనేజ్ అని వరసగా ఇస్తారు. పిల్లలు దాన్ని కంఠతా పడతారు. 'షి రన్స్ ఎ షాప్' అనే వాక్యంలో రన్ తీసి దాని పర్యాయపదం రాయమంటే, ఆ వరసలో మొదటిది స్ప్రింట్ కాబట్టి స్ప్రింట్ రాస్తారు. పిల్లల తప్పేముంది? ఈ మాటలన్నీ ఒకటేనని మనమే చెప్పాం.

మన తెలుగులో పరిగెత్తు ఉంది, ఉరుకు ఉంది, లగెత్తు ఉంది. కుక్క వెంటపడితే లగెత్తుతాం. అదే పెళ్ళిపత్రికలో రాయమంటే రాస్తామా? ఎక్కడ ఏది పనికొస్తుందో చిత్తూరు పిల్లలకు ఎవరూ నేర్పలేదు, వినీ వినీ వచ్చింది. ఇంగ్లీషు అలా చుట్టూ వినిపించదు కాబట్టి వాళ్ళకు పెద్ద నిఘంటువు కావాలి. లండనులో పీటర్ మార్క్ రోజె అనే వైద్యుడు 1852లో తన థెసారస్, అంటే పర్యాయపదాల కోశం, అచ్చువేయించాడు. ఆయన మాటలను అక్షరక్రమంలో పెట్టలేదు, భావాలను బట్టి గుంపులుగా పేర్చాడు. నీ మనసులో ఒక ఊహ ఉంటే దానికి సరిపోయే మాటను ఆ గుంపులోంచి ఏరుకోవాలని ఆయన ఉద్దేశం. అదే 1852లో మద్రాసులో సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. 1820లో కడపకు కొలువు మీద వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి ఆయన. మాటకు అర్థం ఇచ్చి ఊరుకోకుండా, జనం దాన్ని ఎలా అంటారో వాక్యాలతో సహా చూపించాడు. నూట డెబ్బై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ మా గైడుల్లో మాట ఎదురుగా మాట, అంతే.

బ్రౌన్ గురించి ఇంకా చెప్పాలనుకున్నాను. అది పక్కన పెడతాను. ఒక అమ్మాయి గురించి చెప్పకుండా ఇక్కడి నుంచి దిగలేను.

నేను పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి. వాళ్ళది శ్రీకాళహస్తి పక్క ఊరు, ఇంట్లో కలంకారీ పని. పరీక్షలో ఒక వాక్యం ఇచ్చి తెలుగులో రాయమన్నారు: దీస్ కలర్స్ డు నాట్ రన్. ఆ అమ్మాయి 'ఈ రంగులు పాకవు' అని రాసింది. దిద్దినవాళ్ళు ఎర్ర సిరాతో కొట్టేసి, పైన 'పరిగెత్తవు' అని రాశారు. సున్నా.

నేను పిలిచి అడిగాను, 'పాకవు అని ఎందుకు రాసినావమ్మా?' అని. ఆ పిల్ల భయపడలేదు, చక్కగా చెప్పింది. బట్టను ముందు కరక్కాయ కలిపిన గేదె పాలల్లో ముంచి ఆరబెడతారు. పాలల్లో ఉండే కొవ్వు బట్టకు పట్టుకుంటుంది. తరువాత వెదురు పుల్లకు చుట్టిన గుడ్డను కసింలో ముంచి, వేళ్ళతో కొంచెం కొంచెం పిండుతూ గీత గీస్తారు. కసిం అంటే బెల్లం నీళ్ళల్లో ఇనుప ముక్కలు వేసి ఊరబెట్టిన నల్లరంగు. పాలు సరిగా పట్టని చోట గీత నిలవదు, పక్కకు పాకుతుంది. 'మా అమ్మ ఆ మాటే అంటుంది సార్, రంగు పాకింది అని.'

ఆ వాక్యానికి అంతకంటే మంచి తెలుగు నేనైతే రాయలేను. నలభై మంది ఉన్న తరగతిలో రన్ అంటే ఏమిటో చేత్తో ఎరిగిన పిల్ల ఆమె ఒక్కతే, సున్నా వచ్చిందీ ఆమెకే.

నిఘంటువు తెరిచి చూపిద్దామని వెళ్ళాను. బడిలో మంచి నిఘంటువు ఉంది. ఎక్కడుంది? అద్దాల బీరువాలో. బయటినుంచి పేరు కనబడుతుంది, బీరువాకు తాళం. తాళంచెవి ఒకరి దగ్గర, ఆయన సెలవులో. వచ్చాక అడిగితే, 'పిల్లలు చించేస్తే స్టాకు రిజిస్టరులో జవాబు ఎవరు చెప్పాలి?' అన్నారు. చివరికి తీయించాను. ఆ అర్థం అందులో ఉండనే ఉంది: బట్ట తడిసినప్పుడు రంగు పక్కకు వ్యాపించడం. మార్కు వేశారు. కానీ అప్పటికే ఆ అమ్మాయి తన నోట్సులో 'పాకవు' కొట్టేసి, కింద 'పరిగెత్తవు' అని గుండ్రంగా రాసుకుంది. పరీక్షలో అదే రాయాలి కదా సార్ అంది.

అయ్యా, నాకు కోపం ఆ దిద్దిన మనిషి మీద లేదు. ఆయన చేతిలోనూ గైడే ఉంది. నా కోపమంతా ఆ తాళం మీద. పుస్తకం చిరిగితే చిరగనివ్వండి. బైండింగ్ ఊడితే మళ్ళీ కుట్టించవచ్చు. కొత్తదిగా మెరుస్తూ పదేళ్ళు బీరువాలో ఉన్న నిఘంటువు ఎవరికి పనికొచ్చింది?

ఇక్కడ హెడ్‌మాస్టర్లు ఉన్నారు, గ్రంథాలయ అధికారులు ఉన్నారు. చేతులు జోడించి అడుగుతున్నాను. ప్రతి బడిలో ఒక బల్ల వేసి, దాని మీద పెద్ద నిఘంటువు తెరిచి పెట్టండి. భయముంటే బల్లకు గొలుసుతో కట్టండి, నాకు అభ్యంతరం లేదు. బీరువాలో మాత్రం పెట్టకండి. చిరిగిన పుస్తకానికి టీచరు జీతంలో కోత పడదని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. దాత కావాలంటే మొదటి పుస్తకం నేనిస్తాను.

పిల్లలూ, ఫోన్లో చూస్తే చాలదా అంటారేమో. చాలామంది మొదటి అర్థం చూసి ఫోను మూసేస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో రన్ చూడాలంటే పేజీలు తిప్పాలి. తిప్పుతుంటే మీకు అక్కరలేని అర్థం కూడా కంట్లో పడుతుంది. అది రేపు కావలసొస్తుంది.

ఈ పక్క బల్ల మీద రెండు నిఘంటువులు తెరిచి పెట్టించాను. బస్సుకు ఇంకా టైముంది. తోసుకోకుండా వరసగా రండి, తొమ్మిదో తరగతివాళ్ళు ముందు. ఒక్కొక్కరు రన్ కింద మీ ఇంట్లో జరిగే పని ఒకటి వెతికి పట్టుకోండి. దానికి మీ అమ్మ ఏ మాట వాడుతుందో ఆ మాటే ఈ నోటుబుక్కులో రాసి వెళ్ళండి.