కార్‌స్కీ పాత్ర వేసేవాళ్ళకి: ఒక బల్ల, రెండు కుర్చీలు

వదిన: ఈసారి అసలు విషయం ముందే చెప్పేస్తాను, తర్వాత దారి తప్పినా బాధ ఉండదు. యాన్ కార్‌స్కీ. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల చేతిలో ఉన్న పోలండ్‌లో, రహస్య ప్రతిఘటన ఉద్యమానికి వార్తాహరుడు. 1942లో వార్సా ఘెట్టోలోకి, అంటే నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన పేటలోకి, దొంగదారిన రెండుసార్లు వెళ్ళాడు. కాపలావాడి వేషంలో ఇజ్‌బిట్సా అనే ఊళ్ళోని నాజీ శిబిరానికి వెళ్ళి, యూదుల్ని చావుకి పంపే రైలు పెట్టెల్లో కుక్కడం చూశాడు. అదంతా లండన్‌లో బ్రిటన్ విదేశాంగ మంత్రి ఈడెన్‌కి, 1943 జులైలో వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి నోటితో చెప్పాడు. ఆ సాక్ష్యాన్ని సినిమా, నాటకం, నాట్యం ఎలా కాపాడుతున్నాయన్నది ఇవాళ్టి ముచ్చట.

మరిది: నాట్యం దాకా వెళ్తామా వదినా?

వదిన: కార్‌స్కీ భార్య, నర్తకి పోలా నిరెన్‌స్కా పేరెత్తకుండా మైకు కట్టనివ్వను.

మరిది: సరే. ముందు కుర్చీ.

వదిన: వచ్చేసింది కుర్చీ!

మరిది: రాక తప్పదండీ. డెరెక్ గోల్డ్‌మన్, క్లార్క్ యంగ్ కార్‌స్కీ మీద రాసిన నాటకం చూడండి. నటుడు డేవిడ్ స్ట్రాథెయిర్న్ ఒక్కడే, స్టేజీ మీద ఒక బల్ల, రెండు కుర్చీలు. 2014లో జార్జిటౌన్ యూనివర్సిటీలో చాలామంది కలిసి ఆడే నాటకంగా మొదలై ఏకపాత్రగా మారింది. 2020లో నలుపు తెలుపు సినిమాగా తీశారు. రెండో కుర్చీ ఎందుకంటే, కార్‌స్కీ ఎప్పుడూ ఎవరో ఒక పెద్దమనిషి ఎదుట కూర్చుని చెప్పాడు. ఖాళీ కుర్చీని చూస్తుంటే, ఆ వినేవాడు ఎవరో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

వదిన: నా అభ్యంతరం తెలుసుగా. అసలు మనిషే కెమెరా ముందు కూర్చుని చెప్పాడు. 1978లో ఫ్రెంచి దర్శకుడు లాంజ్‌మన్ రెండు రోజులు చిత్రీకరించాడు. 1985లో వచ్చిన ఆయన సినిమా, యూదుల ఊచకోత మీద తీసిన 'షోఆ'లో కార్‌స్కీ నోరు తెరుస్తాడు, ముప్పై అయిదేళ్ళు వెనక్కి వెళ్తానంటాడు, వెంటనే వెళ్ళలేనంటాడు, లేచి ఫ్రేములోంచి బయటికి పోతాడు. లాంజ్‌మన్ దాన్ని కత్తిరించలేదు. ఏ నటుడు అది చేయగలడు?

మరిది: అది మొదటి రోజు. రెండో రోజు ఫుటేజీ 2010లో, 49 నిమిషాల వేరే సినిమాగా వచ్చింది. అందులో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిసిన ఘట్టాన్ని కార్‌స్కీ ఎలా చెబుతాడు? ఎదుటి మనిషి కదలిక, చూపు, ఆగడం అన్నీ తనే చేసి చూపిస్తాడు. సాక్షే నటించాడు వదినా.

వదిన: ...ఆ మాట కాదనను. కానీ అక్కడే అందరూ చెడగొడతారు. ఫ్రాంక్‌ఫర్టర్ సీను ఒక్కటి సరిగ్గా ఎలా వేయాలో చెప్పు చూద్దాం.

మరిది: వాషింగ్టన్‌లో పోలండ్ రాయబార కార్యాలయం. ముగ్గురు: కార్‌స్కీ, న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్, పోలండ్ రాయబారి చెహనోఫ్‌స్కి. మొదటి తప్పు, మూడు గొంతులు పెట్టడం. ఒకరికి బొంగురు, ఒకరికి సన్నం. జనం నవ్వుతారు, అంతటితో సీను పోయినట్టే. గొంతు ఒక్కటే ఉండాలి, చూపులు మూడు. రాయబారి కుడి పక్కన, నిలబడ్డ ఎత్తులో. ఫ్రాంక్‌ఫర్టర్ ఎదుట, కాస్త కిందికి, ఆయన పొట్టివాడు. నటుడే ఫ్రాంక్‌ఫర్టర్ అయినప్పుడు చూపు కింద నుంచి పైకి, కార్‌స్కీ ముఖం ఉండే చోటికి. రూజ్‌వెల్ట్ సీనులో ఎదుటి చూపు కుర్చీ ఎత్తులోనే ఉండాలి, ఆయనది చక్రాల కుర్చీ కాబట్టి.

వదిన: చూపు ఎత్తు మారిపోతే?

మరిది: రెండు వాక్యాల్లో పాత్రలు కలిసిపోతాయి. రిహార్సల్లో గోడ మీద మూడు చోట్ల టేపు అంటించి, మాటలు లేకుండా తల తిప్పడమే సాధన చేయించాలి.

వదిన: ఇక ఆ మాట. 'మీరు చెప్పింది నమ్మలేకపోతున్నాను.' మన ఏకపాత్రాభినయం పోటీల్లో పెరిగినవాడైతే ఇక్కడ గొంతు పెంచుతాడు. పరిషత్తు స్టేజీ మీద దుర్యోధనుడికి అది చెల్లుతుంది, చప్పట్లూ పడతాయి. ఇక్కడ పెంచితే ఫ్రాంక్‌ఫర్టర్ విలన్ అయిపోతాడు. ఆయనే యూదుడు. నమ్మితే ఆయన బతుకు తలకిందులవుతుంది.

మరిది: అందుకే రాయబారి కోప్పడ్డాక అంటాడు, ఈ కుర్రాడు అబద్ధం చెబుతున్నాడని నేననలేదు, నమ్మలేనన్నాను, రెండూ వేరని. విరామం ఆ మాటకి ముందే.

వదిన: కాదు, తర్వాత.

మరిది: తర్వాత ఆగితే ప్రేక్షకుడు చప్పట్లు కొట్టాలా అని చూస్తాడు వదినా! ముందు ఆగితే ఆయన మాట వెతుక్కుంటున్నాడని తెలుస్తుంది.

వదిన: తర్వాత ఆగి, కార్‌స్కీ ఖాళీ కుర్చీ వైపు చూడాలి. అదీ నీ కుర్చీయేగా.

మరిది: ...అలాగైతే ఒప్పుకుంటా. కానీ మూడు సెకన్లు మించకూడదు.

వదిన: శ్రోతలడిగిన సామాన్ల సంగతి త్వరగా చెప్పేయ్.

మరిది: బల్ల మీదికెక్కే ఘట్టాలున్నాయి. మడత బల్ల వద్దే వద్దు, కాళ్ళ మధ్య అడ్డకమ్మి ఉన్నదే కావాలి. కాళ్ళకి రబ్బరు తొడుగులు వేయాలి, లేకపోతే జరిపినప్పుడల్లా కీచుమని మైకులో పడుతుంది. ప్రదర్శన రోజు వేసుకునే బూట్లతోనే దూకడం సాధన చేయాలి. కోటుకి పెట్టే చిన్న మైకు గుడ్డకి రాసుకుని గరగరమంటుంది, దాన్ని జుట్టు అంచున పెట్టండి.

వదిన: వెనక తెర మీద శవాల ఫొటోలు వేయకండి. వేస్తే కళ్ళన్నీ అటే పోతాయి, చెప్పేవాడు మూగవాడవుతాడు. ఘెట్టోలో కార్‌స్కీ దగ్గర కెమెరా లేదు. 'గుర్తుపెట్టుకో, గుర్తుపెట్టుకో' అని వెంట తీసుకెళ్ళిన మనిషి అన్నాడు, అంతే. అక్కడ చూసినదానికి ఆయన జ్ఞాపకమే ఆధారం.

మరిది: జిగెల్‌బోయిమ్ సీను?

వదిన: అక్కడ నాకు ఆటలు వద్దు. లండన్‌లో కార్‌స్కీ చెప్పింది విన్న యూదు నాయకుడాయన. వార్సా ఘెట్టోలో యూదుల తిరుగుబాటుని నాజీలు అణిచేస్తున్న రోజుల్లో, లోకం ఊరుకుందని ఉత్తరం రాసి 1943 మే 12న ప్రాణం తీసుకున్నాడు. స్కూళ్ళలో వేసేవాళ్ళు ఆ చావుని నటించి చూపించకండి. లైటు తగ్గించకండి. కాగితం చేతిలో పట్టుకుని ఉత్తరం చదవండి, చాలు. పిల్లలకి ముందే చెప్పండి, అయిపోయాక కూర్చోబెట్టి మాట్లాడండి.

మరిది: అవును.

వదిన: టైమెంత?

మరిది: నాలుగు నిమిషాలే మిగిలాయి.

వదిన: అయ్యో, పోలా! కార్‌స్కీ భార్య, పోలండ్ యూదురాలు. డ్రెస్డెన్‌లో జర్మన్ నర్తకి మేరీ విగ్‌మన్ దగ్గర నాట్యం నేర్చుకుంది. కుటుంబంలో చాలామందిని హోలోకాస్ట్, అదే నాజీల యూదుల ఊచకోత, మింగేసింది. దాని మీద ఆమె 1980లలో ఒక్కో నాట్యం కూర్చుకుంటూ వచ్చింది. 1990కి నాలుగూ కలిపి ఒక వరుస అయింది. చివరిది రైలు. భర్త ఇజ్‌బిట్సాలో చూసిన రైలుని ఈమె నేలమీద శరీరాలతో...

మరిది: వదినా, బయట తలుపు కొడుతున్నారు. తర్వాతి వాళ్ళొచ్చారు.

వదిన: ఒక్క నిమిషం ఆగమను. ఆ రైలు నాట్యంలో...

మరిది: మైకు కట్టేస్తున్నారు వదినా.