ముందు వరుసలో కూర్చున్నాయన గురించి ప్రార్థించొచ్చా? (స్టూడియో చర్చ, పూర్తి పాఠం)

ప్రసారమైన చర్చని ఉన్నదున్నట్టు రాశాను. ఒకేసారి ఇద్దరు ముగ్గురు మాట్లాడిన చోట ఎవరి గొంతు పెద్దగా వినిపిస్తే వాళ్ల మాటే రాశాను, ఇంకో దారి లేదు. పాల్గొన్నది నలుగురు. ఒక సీనియర్ పాస్టర్, కార్మికుల కేసులు చూసే లాయర్, వేదాంత కళాశాలలో పాఠాలు చెప్పే మాస్టారు, పేదల మధ్య పరిచర్య చేసే కార్యకర్త. అందరికీ సమానంగా సమయం ఇస్తామని మొదట్లోనే మాటిచ్చారు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

మోడరేటర్: నమస్కారం. వారం రోజులుగా ఫోన్లలో తిరుగుతున్న రెండు వీడియోలు మీరు చూసే ఉంటారు. రెండూ ఒకే చర్చివి. మొదటిది ఆహారం పంచేముందు చేసిన ప్రార్థన, ఆకలితో ఉన్నవాళ్లని జ్ఞాపకం చేసుకో ప్రభువా అని. దాన్ని అందరూ మెచ్చుకున్నారు. రెండోది ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలోది. విజ్ఞాపన ప్రార్థన, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థన సమయంలో ఒకావిడ లేచి, నాలుగు నెలలుగా జీతం రాని పనివాళ్ల మొర విను ప్రభువా, ఆ జీతం ఆపినవాళ్ల మనసు కదిలించు అంది. పేరు చెప్పలేదు. కానీ ఆ యజమాని ముందు వరుసలోనే ఉన్నాడు, అందరూ ఆయన వైపే చూశారు. ఇక గొడవ. నా మొదటి ప్రశ్న ఏంటంటే, అసలు ఆ వీడియో ఎవరు తీశారు?

లాయర్: అదా మొదటి ప్రశ్న?

మోడరేటర్: ముఖ్యమైన ప్రశ్నే కదండీ. ప్రార్థన జరుగుతుంటే కళ్లు మూసుకోవాలి, ఫోన్ తెరిచి...

పాస్టర్: నేను చెప్తాను. వీడియో సంగతి పక్కన పెట్టండి, దాని గురించి కూడా చెప్తాను కానీ తర్వాత. ముందు ప్రార్థన అంటే ఏంటో తేల్చుకోవాలి. ప్రార్థన దేవుడితో మాట్లాడేది. దేవుడి వైపు తిరిగి పక్కనున్న మనిషిని ఉద్దేశించి మాట్లాడితే అది ప్రార్థన కాదు, ఎత్తిపొడుపు. బైబిల్లో లూకా 18లో పరిసయ్యుడు, అంటే ఆచారాల్లో నిష్ఠగా ఉండేవాడు, ఏం చేశాడు? దేవాలయంలో నిలబడి, పన్నులు వసూలుచేసే ఈ సుంకరిలాంటివాణ్ని కానందుకు నీకు స్తోత్రం అన్నాడు. నోరు దేవుడితో, కన్ను సుంకరి మీద! ఇక్కడ జరిగింది కూడా అదే. కరుణ కోసం ప్రార్థించండి, వద్దన్నది ఎవరు? నేను ముప్పై ఏళ్లుగా ఆకలిగొన్నవాళ్ల కోసం, రోగుల కోసం, జైల్లో ఉన్నవాళ్ల కోసం ప్రార్థిస్తున్నాను. ఒక్కరోజు కూడా ఎవరి పరువూ తీయలేదు.

లాయర్: అయ్యగారూ, ఆ కథలో సుంకరికి రావలసిన జీతం పరిసయ్యుడు ఎగ్గొట్టలేదు కదా. పోలిక కుదరదు.

పాస్టర్: సిస్టర్, నన్ను పూర్తి చేయనివ్వండి.

లాయర్: లాయర్ గారు అంటే చాలు. ప్రార్థన మనిషిని గుచ్చకూడదంటే బైబిల్లో సగం ప్రార్థనలు తీసేయాలి. లూకా మొదటి అధ్యాయంలో యేసు తల్లి మరియ పాట చూడండి. బలవంతుల్ని సింహాసనాల మీద నుంచి పడదోశాడు, ధనవంతుల్ని వట్టి చేతులతో పంపేశాడు అని పాడింది. పొట్టలో బిడ్డని మోస్తున్న అమ్మాయి పాడిన పాట. ఆ రోజు ముందు వరుసలో హేరోదు రాజు ఉంటే దాన్ని కూడా ఎత్తిపొడుపు అనేవాళ్లా?

మోడరేటర్: బాగుంది. కానీ మరియ పాటని ఎవరూ వీడియో తీయలేదు.

(నవ్వులు. పాస్టర్ గారు నవ్వలేదు.)

మాస్టారు: నేనొక మాట చెప్పొచ్చా. కరుణ వేరు, న్యాయం వేరు అని మనం రెండు గదులు కట్టుకున్నాం. యెషయా 58 చదివితే ఆ గోడ ఉండదు. జనం ఉపవాసం ఉన్నారు, ప్రార్థన చేశారు, దేవుడు పట్టించుకోలేదేమని అడిగారు. జవాబు ఏమొచ్చిందంటే, మీరు ఉపవాసం ఉన్న రోజునే మీ పనివాళ్ల చేత కఠినంగా పని చేయిస్తున్నారు అని. తర్వాత వరుసగా చెప్పాడు, కాడి విరగ్గొట్టండి, ఆకలిగొన్నవాడికి మీ ఆహారం పెట్టండి. రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి. ఆహారం పెట్టడం ఒక ఆదివారం, కాడి సంగతి ఇంకో ఆదివారం అని లేదు. అసలు నిర్గమకాండం రెండో అధ్యాయంలో...

పాస్టర్: మాస్టారూ, యెషయా చెప్పింది చేయమని. మైకులో చెప్పమని కాదు.

మాస్టారు: అదే చెప్తున్నాను, నిర్గమకాండంలో వెట్టిచాకిరి కింద నలిగిన జనం పెట్టిన మొర...

పాస్టర్: మొర పెట్టింది ఎవరికి? దేవుడికి! ఐగుప్తు రాజు ఫరో కూర్చున్న ముందు వరుసకి కాదు.

లాయర్: ఆ తర్వాత మోషేని ఎక్కడికి పంపాడండీ? ఫరో దగ్గరికే.

(ఇక్కడ నలభై సెకన్లు ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. ఫరో అన్న మాట ఆరుసార్లు వినిపించింది. మిగతాది నాకు అందలేదు.)

మోడరేటర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం! మన కార్యకర్త గారు ఇంకా మాట్లాడలేదు. చెప్పండమ్మా. మీరు రోజూ పేదల మధ్య ప్రార్థన చేస్తారు. కెమెరా ఉంటే వాళ్లు ఇబ్బంది పడతారా?

కార్యకర్త: కెమెరా గురించి అంటే, మేమైతే తీయమండీ. కానీ ఈ విషయంలో నాకు తెలిసింది ఒకటుంది. ఆవిడ చదివిన ప్రార్థన ఆవిడ రాసింది కాదు. ప్రార్థన మనవుల పెట్టెలో పడిన కాగితం అది. మాటలు పనివాళ్లవే. ఆవిడ కేవలం...

మోడరేటర్: అంటే వీడియో కూడా వాళ్లే తీసి ఉండొచ్చంటారా?

కార్యకర్త: అది నాకు తెలియదండీ. నేను చెప్పేది ఏంటంటే...

పాస్టర్: చూశారా! కాగితం ఎవరు రాశారో తెలియకుండా చదివేస్తారా? మా సంఘంలో ప్రతి మనవీ నేను చూశాకే చదువుతారు. కాపరి అన్నవాడు అందుకే ఉన్నాడు. మత్తయి 18:15 ఏం చెప్తుంది? నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వు వెళ్లి, అతనూ నువ్వూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. ఒంటరిగా! ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్తారు? పిలిచి, ఒక గదిలో కూర్చోబెట్టి, అన్నా, ఆ జీతాలు ఇచ్చేయి అంటే సరిపోయేది.

మాస్టారు: ఆ వాక్యం అక్కడ ఆగదు. 16లో ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని వెళ్లు, 17లో అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని ఉంది.

కార్యకర్త: వెళ్లారండీ. రెండుసార్లు వెళ్లారు. మొదటిసారి...

పాస్టర్: సంఘానికి చెప్పడం వేరు, ప్రపంచానికి చెప్పడం వేరు. ఇప్పుడు వీడియో గురించి చెప్తానన్నాను కదా.

మోడరేటర్: అవును, చెప్పండి.

(ఇక్కడ నాకు చిరాకేసింది. రెండుసార్లు వెళ్లారు అన్న మాట దగ్గర చర్చ మొత్తం మారిపోవాలి. మళ్లీ ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు, లాయర్ గారు కూడా.)

పాస్టర్: మత్తయి 6లో ప్రభువు చెప్పాడు, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించు అని. వీధుల మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్లు తమ ఫలం పొందేశారన్నాడు. ఈ రోజుల్లో వీధి మూల అంటే ఫోనే. జార్జ్ ముల్లర్ అనే దైవజనుడు 1836లో బ్రిస్టల్‌లో అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచాడు. ఆయన జీవితకాలంలో 10,000 మందికి పైగా పిల్లలు ఆ నీడన పెరిగారు. ఏ మనిషినీ డబ్బు అడగలేదు. మోకాళ్ల మీద దేవుణ్నే అడిగాడు. ఎవర్నీ నిలదీయలేదు, ఎవరి గుమ్మం ముందూ గొడవ చేయలేదు. అదీ ప్రార్థన అంటే. మాటలు తక్కువ, మోకాళ్లు ఎక్కువ.

(ఈ మాటలు ఆయన మూడు నిమిషాలు చెప్పారు. నేను కుదించాను.)

మాస్టారు: ముల్లర్ గొప్పవాడే. కానీ ప్రతి ఏడాదీ నివేదికలు అచ్చు వేయించేవాడు. ఏ అవసరానికి ప్రార్థిస్తే ఎంత వచ్చిందో లెక్కలతో సహా. రహస్యంగా ఏమీ చేయలేదు.

మోడరేటర్: అప్పట్లో కెమెరా ఉంటే ఆయన తీసేవాడంటారా?

మాస్టారు: ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదండీ.

లాయర్: ముల్లర్ మీద నాకు గౌరవమే. కానీ అనాథల్ని పెంచడానికి ప్రార్థన చేయడం, జీతం ఎగ్గొట్టినప్పుడు ప్రార్థన చేయడం ఒకటి కాదు. మొదటిదాంట్లో తప్పు చేసినవాడు ఎదురుగా లేడు. అందుకే అందరికీ ఇష్టం. బైబిల్లో యాకోబు పత్రిక, అంటే ఆయన రాసిన ఉత్తరం, అయిదో అధ్యాయం నాలుగో వచనం చూడండి. పొలం కోసినవాళ్లకి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొర పెడుతోంది అంటాడు. కూలి! మనిషి కూడా కాదు, డబ్బే అరుస్తోందట. అదే యాకోబు రెండో అధ్యాయంలో, బట్టల్లేనివాడితో శాంతిగా వెళ్లు, చలి కాచుకో అని దీవించి పంపితే ఏం ప్రయోజనం అని అడిగాడు. మొదటి వీడియోకి, రెండో వీడియోకి మధ్య తేడా అదే.

మోడరేటర్: అంటే మొదటి వీడియో పబ్లిసిటీ అంటున్నారా?

లాయర్: నేనలా అనలేదు.

మోడరేటర్: కానీ అలా అనిపించింది. ప్రేక్షకులకి కూడా అలాగే అనిపించి ఉంటుంది. సరే, ఇక్కడ ఒక ప్రసిద్ధమైన ప్రార్థన గుర్తుచేస్తాను. ప్రభువా, నన్ను నీ శాంతికి సాధనంగా చేయి. ఎనిమిది వందల ఏళ్ల క్రితం అస్సీసీ ఫ్రాన్సిస్ రాసింది. ఎంత మృదువుగా ఉంది! మనకి ఇలాంటివి చాలవా?

మాస్టారు: అది ఫ్రాన్సిస్ రాసింది కాదు. 1912లో ఒక ఫ్రెంచ్ పత్రికలో రచయిత పేరు లేకుండా వచ్చింది. అంతకుముందు దాని జాడ లేదు.

మోడరేటర్: నిజమా? ఎక్కడ చూసినా ఆయన బొమ్మ కిందే ఉంటుందే!

మాస్టారు: తర్వాత ఆయన బొమ్మ ఉన్న ప్రార్థన కార్డు వెనక దాన్ని అచ్చు వేశారు. పేరు అలా అంటుకుంది.

పాస్టర్: ఎవరు రాస్తే ఏంటి మాస్టారూ? మనసు ముఖ్యం.

లాయర్: ఇందాక కాగితం ఎవరు రాశారో తెలియాలన్నారు!

(పెద్ద నవ్వు. పాస్టర్ గారు ఈసారి నవ్వారు, కానీ మైకు దగ్గరికి లాక్కున్నారు. పత్రిక సంగతి మీద ఇంకో రెండు నిమిషాలు పోయాయి. రాయడం లేదు.)

మాస్టారు: ప్రార్థన గదికే పరిమితం అంటే నేనొక ఉదాహరణ చెప్పాలి. తూర్పు జర్మనీలో లైప్‌జిగ్ అనే ఊళ్లో నికొలాయ్ చర్చిలో 1982 నుంచి ప్రతి సోమవారం శాంతి కోసం ప్రార్థనలు చేసేవాళ్లు. చాలాకాలం వచ్చేది కొద్దిమందే. 1989 అక్టోబర్ 9న ప్రార్థన ముగిశాక వీధిలో దాదాపు 70,000 మంది నడిచారు. చేతుల్లో కొవ్వొత్తులు. ఒక్క తుపాకీ పేలలేదు. సరిగ్గా నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ...

పాస్టర్: వినండి! వినండి! నేను చెప్పేది అదే. ప్రార్థనతో గోడ కూలింది! ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవర్నీ తిట్టకుండా.

లాయర్: బయటికి నడిచారు కాబట్టి కూలింది. లోపలే ఉంటే ఇంకా సోమవారాలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాళ్లు. ఒస్కార్ రొమేరోని ఎందుకు చంపారు? ఎల్ సాల్వడోర్‌లో ఆర్చిబిషప్. అణచివేత ఆపండని సైనికుల్ని బతిమాలిన మర్నాడే, 1980 మార్చి 24న, పూజ చేస్తుండగా కాల్చేశారు. 2018లో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. ఆ రోజు కూడా ఎవరో అనే ఉంటారు, ఇది ఆరాధనలో మాట్లాడే విషయమా అని.

పాస్టర్: ఆయన ఆ మాట అన్నది ప్రసంగంలో. ప్రార్థనలో కాదు. తేడా ఉంది.

లాయర్: చనిపోయినాయనకి ఆ తేడా...

మోడరేటర్: సమయం అయిపోతోంది. కార్యకర్త గారూ, ముప్పై సెకన్లు.

కార్యకర్త: నేను కొత్తగా ఏం చెప్పను. ప్రపంచ ప్రార్థన దినమని ఒకటుంది, 1927 నుంచి జరుగుతోంది, మార్చి మొదటి శుక్రవారం. ప్రతి ఏడాదీ ఒక్కో దేశం ఆడవాళ్లు ప్రార్థన క్రమం రాస్తారు. మిగతా దేశాల వాళ్లం అదే చదువుతాం. అంటే వాళ్ల కష్టం వాళ్ల మాటల్లోనే మన నోట్లోంచి వస్తుంది. తెలుసుకుని ప్రార్థించు, ప్రార్థించి పని చేయి అనేది అక్కడి మాట. మేము ఇంటింటికీ వెళ్లినప్పుడు ఏం ప్రార్థించమంటారు అని అడుగుతాం. ఎవరూ కరుణ కావాలనరు. ఆ పని దొరకాలి, ఈ డబ్బు రావాలి, వాడు మళ్లీ కొట్టకూడదు అంటారు. పేరు పెట్టి చెప్పమంటారు. మొన్న ఆ పనివాళ్లలో ఒకాయన నాతో ఏమన్నాడంటే...

మోడరేటర్: క్షమించాలి అమ్మా, టైమ్. చాలా లోతైన చర్చ జరిగింది. పాస్టర్ గారు మొదటినుంచీ చెప్తున్నట్టు, ప్రార్థనలో మర్యాద ఉండాలి అన్నదాంతో అందరం ఏకీభవించినట్టే.

లాయర్: నేను ఏకీభవించలేదు.

మోడరేటర్: దాదాపుగా. చివరగా పాస్టర్ గారు ఒక చిన్న ప్రార్థనతో ముగిస్తారు.

పాస్టర్: కళ్లు మూసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, ఈ చర్చ కోసం, ఇక్కడున్న వారి కోసం నీకు స్తోత్రం. యజమానులకీ పనివాళ్లకీ మంచి మనసు దయచేయి...

లాయర్: నాలుగు నెలల జీతం కూడా, అయ్యగారూ.

పాస్టర్: ...అందరి మధ్యా సమాధానం దయచేయి...

మోడరేటర్: (మెల్లగా, పక్కకి తిరిగి) రెండో కెమెరా, పాస్టర్ గారి ముఖం మీదికి రండి. ఇంకాస్త దగ్గరికి.

(టైటిల్ సంగీతం.)