మే నెలలో ఆగిపోయే మెషీన్

నమస్తే అండీ. అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు ఒక మెషీన్ గురించి చెప్పాలి మీకు. నా నడుమెత్తు ఉంటుంది. పైన రేకు తొట్టి, పక్కన తిప్పడానికి పాత సైకిల్ చక్రం. బుడ్డలు వలిచే మెషీన్ అది. కోస్తావాళ్ల కోసం చెప్తున్నా, మా దగ్గర బుడ్డలంటే వేరుశనక్కాయలు. పోయినేడాది ఇక్కడి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనల్ ఇయర్ పిల్లలు నలుగురు చేశారు. ఎగ్జిబిషన్‌లో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది, షీల్డ్ ఇచ్చారు, అందరూ ఫొటోలు దిగారు. మొన్న నేను వెళ్లి చూస్తే వర్క్‌షాపు వెనకాల విరిగిన బెంచీల పక్కన పడుంది. తొట్టి నిండా ఎండుటాకులు.

వలిచే మెషీన్లు మార్కెట్లో లేవా అంటే, బోలెడున్నాయి. నూనెకు పోయే పప్పు బద్దలైనా ఫర్వాలేదు కాబట్టి మిల్లుల్లో వాటితో పని జరిగిపోతుంది. విత్తనం సంగతి వేరు. పప్పు బద్దలైతే మొలక రాదు, పైన ఎర్రపొర చిట్లినా నమ్మకం లేదు. అందుకే విత్తనం కాయ ఇప్పటికీ చాలా ఊళ్లలో చేత్తోనే వలుస్తారు. ఎకరాకు 60 కిలోల పైచిలుకు పప్పు కావాలి. ఎన్ని కాయలో, ఎన్ని వేళ్లో మీరే ఊహించుకోండి. ఆడవాళ్లు వేపచెట్టు కింద కూర్చుని, కాయల మీద కాసిన్ని నీళ్లు చిలకరించి, కాయ ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కుతారు. మొదటి గంట బాగానే ఉంటుంది. మా పెద్దమ్మ వేళ్లకు గుడ్డపేలిక చుట్టుకుని వలిచేది. రాత్రి పచ్చడి మెతుకులు కలుపుకుంటే వేలి పగుళ్లలోకి కారం దిగేది. అయినా నోరెత్తకుండా చిన్న చిన్న ముద్దలు చేసుకుని తినేది. ఆ చేతుల్ని చూసినవాణ్ని కాబట్టే ఆ మెషీన్‌ను అక్కడ వదిలేసి రాలేకపోయాను.

ఆ పిల్లలు కాయ రాసుకునే చోట ఇనుముకు బదులు పాత ట్యూబు రబ్బరు అతికించారు. దాన్ని ఒక ఊరికి తీసుకెళ్లి, వలిచేవాళ్ల ముందే తిప్పి చూపించారు. ఒక పెద్దామె కాసేపు చూసి, "బాగానే తిరుగుతాంది గానీ నాయనా, పప్పు బద్దలైతాంది. చిన్న కాయ, పెద్ద కాయ కలిపి పోస్తే అంతే. ముందు జల్లెడ పట్టండి" అందంట. నాలుగేళ్ల చదువులో దొరకని మాట ఐదు నిమిషాల్లో దొరికింది. కాయను సైజుల వారీగా వేరు చేసే జల్లెడ ఒకటి పైన బిగిస్తే మెషీన్ అసలు పనికి దగ్గరవుతుంది.

అది ఏప్రిల్. వైవా అయిపోయింది. ఇక్కడే నా బాధంతా. విత్తనం కాయ వలిచేది వానలకు ముందు, మే, జూన్ నెలల్లో. సరిగ్గా అప్పుడే హాస్టళ్లు ఖాళీ అవుతాయి, ల్యాబ్‌కు తాళం పడుతుంది, ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని పిల్లలు బెంగళూరు బండెక్కుతారు. మెషీన్‌కు పరీక్ష మొదలయ్యే రోజున చేసినవాళ్లు ఊళ్లో ఉండరు.

ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారు మీకు తెలుసు. ఆసు పోయడమంటే చీర నేసే ముందు దారాన్ని చేత్తో కొయ్యల చుట్టూ తిప్పే పని. ఆరో తరగతితో చదువు ఆగిన చేనేత కుటుంబం మనిషి. ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడే నొప్పి చూడలేక 1992లో మొదలుపెడితే యంత్రం పూర్తవడానికి 1999 వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయనకు ఏడేళ్లు పట్టిన పనిని మనం ఒక్క సెమిస్టర్‌లో తేల్చెయ్యమంటే ఎలా?

దారులు లేకపోలేదు. కేంద్ర విద్యాశాఖ 2019లో తెచ్చిన ఇన్నొవేషన్, స్టార్టప్ విధానంలో విద్యార్థి తన స్టార్టప్ కోసం ఒక సెమిస్టరో, ఏడాదో విరామం తీసుకోవడానికి వీలుంది. కాలేజీలు ఆ సంగతి పిల్లలకు గట్టిగా చెప్పాలి. నమూనా తయారీకి కేంద్ర సైన్స్ శాఖ 'నిధి ప్రయాస్' అనే పథకం కింద 10 లక్షల రూపాయల దాకా వస్తుంది. 2025లో అమరావతిలో మొదలైన రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్‌కు అనంతపురంలోనూ ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది, వెళ్లి తలుపు తట్టండి. ఇంకో మాట. మెషీన్లు చేసిన పిల్లలు తమ మెషీన్ లోపలి భాగాలు నా వీడియోలో చూపించమని అడుగుతుంటారు. ముందు పేటెంట్‌కు ప్రొవిజనల్ అప్లికేషన్, అంటే తాత్కాలిక దరఖాస్తు, వేశారా అని నేను తిరిగి అడుగుతా. ఊరంతా చూశాక కొత్తదని నిరూపించుకోవడం కష్టం. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు టైముంటుంది.

ఇంతకంటే నన్ను ఎక్కువ తొలిచేసే ప్రశ్న, ఈ మెషీన్ ఎవరి చేతికి పోవాలి? కిలోల లెక్కన కూలికి వలిచే ఆడవాళ్లున్నారు. ఏ వ్యాపారో మెషీన్ కొని షెడ్డులో పెట్టుకుంటే వాళ్ల వేళ్ల నొప్పితో పాటు కూలీ కూడా పోతుంది. అదే మెషీన్‌ను ఆ ఊరి పొదుపు సంఘం కొంటే వలుపు కూలి వాళ్లకే వస్తుంది, పని గంటలు తగ్గుతాయి. సంఘాలకు బ్యాంకు అప్పు తీసుకుని, వాయిదాలు కట్టిన అనుభవం ఎప్పటినుంచో ఉంది. సమాజానికి మేలు చేసే వ్యాపారమని బోర్డు మీద రాసుకునే పిల్లలు ధర వేసేటప్పుడే, అమ్మేటప్పుడే ఇది తేల్చుకోవాలి. ఒక్కో సంఘం ఎంత వాయిదా కట్టగలదో తెలుసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్క వేసి మెషీన్ చెయ్యాలి.

తల్లిదండ్రులతో కూడా మాట్లాడాను. ఒక నాన్న, "అప్పు చేసి చదివించినాం సార్, ఏడాది ఊరికే కూర్చోమంటే ఎట్ల?" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. అందుకే ఆ ఏడాదికి పిల్లలకు నెలనెలా ఇంత అని బతకడానికి సరిపడా ఇవ్వాలి. షీల్డులకీ, స్టేజీ పూలకీ పెట్టే ఖర్చు అటు మళ్లించినా కొంత నయం. ఉద్యోగాల్లో స్థిరపడ్డ పాత విద్యార్థులూ, మీరు పదిమంది కలిస్తే ఒక జట్టుకు ఏడాది గడుస్తుంది.

ఆ నలుగురిలో ఒకమ్మాయి మొన్న బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. "అన్నా, శని, ఆదివారాలు వస్తాం" అంది. జల్లెడ బొమ్మ నోట్‌బుక్ కాగితం మీద గీసి వాట్సాప్‌లో పంపింది. రంధ్రాలు రెండు సైజులు, పక్కన మిల్లీమీటర్లు రాసి, దిద్ది, మళ్లీ రాసింది. మాకు ఇప్పుడు కావాల్సినవి రెండు: టౌన్‌లో వారానికి ఒక పూట మాకు చోటిచ్చే వెల్డింగ్ షాపు, ఈ మే నెలలో పది మూటల కాయ మా చేతికిచ్చే ఒక పొదుపు సంఘం. తెలిసినవాళ్లుంటే చెప్పండి. తొట్టిలో ఆకులు నేను దులిపేశాను.