కట్టకముందే నడిచి చూడడం

సభకు నమస్కారం.

కొత్తగా తెరిచిన ఒక జిల్లా ఆసుపత్రిలో, ఓపీ గదుల ముందున్న కారిడార్‌లో నేను ఒక ఉదయమంతా నిలబడి గమనించాను. నిబంధనలు కోరినంత వెడల్పు దానికి ఉంది. ప్లానులో చూస్తే రెండు స్ట్రెచర్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోవచ్చుననిపిస్తుంది. పది గంటలయ్యేసరికి రోగుల బంధువులు రెండు గోడల వెంబడీ దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. వారి ముందు టిఫిన్ క్యారేజీలు, నీళ్ల సీసాలు, ఎక్స్‌రే కవర్లు చేరాయి. మధ్యన మిగిలిన సందులోంచి స్ట్రెచర్ తోసుకొస్తున్న వార్డుబాయ్ "అమ్మా, కాళ్లు తీయండమ్మా" అని అడుగడుగునా బతిమాలుకోవలసి వచ్చింది. ఆ బంధువులను తప్పుపట్టలేం. ఒక రోగి వెంట ఇద్దరు ముగ్గురు వస్తారనీ, పేరు పిలిస్తే వినిపించే చోటు వదిలి వారు కదలరనీ ప్లాను గీసేటప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పునాది తవ్వకముందే ఈ లెక్క వేయడం గురించి మాట్లాడదలచుకున్నాను. ఎంత బరువు మోస్తుందో తేల్చుకోకుండా స్లాబు వేయని మనం, దాని కింద మనుషులు ఎలా మసలుతారన్న సంగతిని మాత్రం ప్రారంభోత్సవం అయ్యాక తెలుసుకోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

ఇందుకు సాధనాలు లేకపోలేదు. జనం ఎలా కదులుతారో లెక్కగట్టడానికి 1995లో డిర్క్ హెల్బింగ్, పీటర్ మోల్నార్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన నమూనాలో నడిచే ప్రతి మనిషి మీదా కొన్ని బలాలు పనిచేస్తున్నట్టు భావిస్తారు: గమ్యం తనవైపు లాగుతుంది, గోడలూ ఎదుటి మనుషులూ దూరంగా నెడతారు. ఇంత సాదా సూత్రంతో కంప్యూటరులో వందలమందిని వదిలితే, ఎదురెదురుగా నడిచేవారు ఎవరూ చెప్పకుండానే వరుసలుగా విడిపోవడం కనిపిస్తుంది. 2000లో హెల్బింగ్ మరో ఇద్దరితో కలిసి ఇదే దారిలో ఇంకో సంగతి చూపారు. ఇరుకు తలుపు దగ్గర అందరూ తొందరపడితే ఒకరికొకరు అడ్డుపడి, అందరూ బయటపడడానికి పట్టే సమయం పెరుగుతుంది. తలుపు ముందు కాస్త పక్కగా ఒక స్తంభం నిలిపితే ఒత్తిడి తగ్గవచ్చునని కూడా ఆ లెక్క సూచించింది. నిజమైన మనుషులతో పరీక్షించకుండా ఆ స్తంభాన్ని కట్టించే సాహసం నేనైతే చేయను.

మక్కా దగ్గర మినాలో ఉన్న జమరాత్ వంతెన సంగతి వివరంగా చెప్పాలి. హజ్ యాత్రికులు అక్కడ సైతానును రాళ్లతో కొట్టే ఆచారంగా గులకరాళ్లు విసురుతారు. 2006 జనవరి 12న వంతెన ఎక్కే తూర్పు దారి దగ్గర, కిందపడిన సామాను కాళ్లకు తగిలి ముందువారు పడిపోగా, జరిగిన తొక్కిసలాటలో 346 మంది మరణించారు. ఏ ప్లానులోనూ సామాను గీయరు. ఆ రోజు కెమెరాలు తీసిన దృశ్యాలను హెల్బింగ్ బృందం పరిశీలించి, జనం మొదట సాఫీగా సాగారనీ, తరువాత ఆగి కదిలే అలలుగా మారారనీ, చివరికి ఎవరి అడుగు ఎటు పడుతుందో వారి చేతుల్లో లేని అల్లకల్లోలం ఏర్పడిందనీ 2007లో వివరించింది. పాత వంతెనను కూల్చి, ఎక్కే దారులనూ దిగే దారులనూ వేరుచేసి, గంటకు 3 లక్షల మంది సాగిపోగలిగేలా పలు అంతస్తుల కొత్త వంతెన కట్టారు.

ఆ తరువాత 2015 సెప్టెంబర్ 24న అదే మినాలో, వంతెన వైపు వెళ్లే రెండు వీధులు కలిసే చోట మళ్లీ తొక్కిసలాట జరిగింది. మృతులు 769 మంది అని అక్కడి ప్రభుత్వం ప్రకటించగా, వివిధ దేశాల లెక్కలను కూడిన వార్తాసంస్థలు రెండు వేలకు పైగా అని చెప్పాయి. ఎంత జాగ్రత్తగా కట్టిన వంతెన అయినా, దాని దాకా వచ్చే వీధి లెక్కలో పూర్తిగా కలవకపోతే జనాన్ని కాపాడలేదని నేను ఆ ఘటన నుంచి గ్రహించాను. ఆసుపత్రి సంగతి తీసుకుంటే, పల్లెల నుంచి మొదటి బస్సులు వచ్చే వేళలు కూడా ఆ భవనం లెక్కలో భాగమే.

ఇంకొకటి, ఇప్పటికీ చాలా నమూనాల్లో మనిషి ఒంటరిగా, ఖాళీ చేతులతో, ఆగకుండా నడుస్తాడు. మన దగ్గర జనం నడిచే సమయంకన్నా ఎదురుచూసే సమయమే ఎక్కువ. తిరుమలలోని వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌ను ఈ కోణంలో చూడండి. భక్తులు గంటల తరబడి కూర్చుంటారని ముందే ఒప్పుకుని, వారిని కంపార్ట్‌మెంట్లుగా విడదీసి, పాలూ అన్నప్రసాదమూ ఉన్నచోటికే అందిస్తూ, విడతలుగా దర్శనానికి వదులుతారు.

ఆ జిల్లా ఆసుపత్రికి కూడా ఓపీ రిజిస్టరులోని రాకలనూ, వెంట వచ్చేవారినీ, కూర్చునేవారినీ పెట్టి నమూనా నడిపి ఉంటే, పది గంటలకు కారిడార్ ఎంత సన్నబడుతుందో గీసినవారికి తెరమీదే కనిపించేది. అప్పుడు గోడను కొంచెం లోపలికి జరిపి, డాక్టరు గది తలుపు కనిపించేలా, పిలుపు వినిపించేలా, పొడవాటి అరుగు ఒకటి వేసి ఉండేవారు.