ఇంగ్లిష్ ముద్రలేసుకున్న చైనా వెండి

(స్క్రీన్ మీద: వెండి చెంచా వెనకవైపు, క్లోజప్)

హాయ్ అండీ, ఈ చెంచా కాడ వెనక చూడండి, వరసగా బుల్లి బుల్లి ముద్రలున్నాయి కదా, ఓ సింహం, ఓ రాజుగారి తల, పక్కన ఇంగ్లిష్ అక్షరాలు. లండన్ హాల్‌మార్క్ అనే అనుకుంటాం ఎవరమైనా. కానీ ఇది చైనాలో, కాంటన్‌లో, అంటే ఇప్పటి గ్వాంగ్‌జౌలో చేసింది, ఆ సింహాన్ని కొట్టింది కూడా అక్కడి కంసాలే!

అసలు కథేంటంటే, 1757 నుంచి 1842 దాకా యూరప్ ఓడలు చైనాలో సరుకు కొనాలంటే దాదాపుగా కాంటన్ రేవు ఒక్కటే దిక్కు. వీళ్ళకేమో టీ కావాలి, పట్టు కావాలి, పింగాణీ కావాలి, చైనా వాళ్ళకి మాత్రం వీళ్ళ సరుకు పెద్దగా అక్కర్లేదు, వెండి ఇస్తే తీసుకుంటాం అన్నారు. దాంతో మెక్సికో, పెరూ గనుల వెండితో కొట్టిన స్పానిష్ డాలర్లు పెట్టెలకి పెట్టెలు కాంటన్‌లో దిగాయి. వాటిల్లో కొన్ని అక్కడే కరిగి చెంచాలు, ఫోర్కులు, టీపాట్‌లు అయిపోయి మళ్ళీ ఓడెక్కి బోస్టన్‌కో లండన్‌కో వెళ్ళిపోయేవి. కాంటన్‌లో కూలి చౌక, పనితనం సూపర్, ఇంకేం కావాలి?

(స్క్రీన్ మీద: రెండు చెంచాల ముద్రలు పక్కపక్కన)

ఇది నాకు భలే నచ్చిన బిట్. లండన్‌లో విలియం ఈలీ, విలియం ఫెర్న్, విలియం చానర్ అని ముగ్గురు కలిసి వెండి పని చేసేవాళ్ళు, వాళ్ళ ముద్ర డబ్ల్యూఈ, డబ్ల్యూఎఫ్, డబ్ల్యూసీ. కాంటన్ చెంచా మీద చూస్తే డబ్ల్యూఈ, మళ్ళీ డబ్ల్యూఈ, డబ్ల్యూసీ! ఎఫ్ కాస్తా ఈ అయి కూర్చుంది. దీన్ని చీటింగ్ అనాలనిపించదు నాకైతే, శాంపిల్ ఎలా ఉంటే ముద్రతో సహా అలా దించేశారంతే. ఇలాంటివి చాలాకాలం ఇంగ్లిష్ వెండి కిందే చెలామణి అయ్యాయి, 1970ల్లో అమెరికాలో పరిశోధకులు గట్టిగా పట్టుకుని లెక్క తేల్చేదాకా.

ఈలోగా ఈస్టిండియా కంపెనీ మన బిహార్, బెనారస్ వైపు నల్లమందు పండించి కలకత్తాలో వేలం వేస్తే అది చైనాకి చేరి, దాని ఖరీదు కింద అంతకుముందు వచ్చిన వెండి చైనా నుంచి తిరిగి బయటికి పోవడం మొదలైంది, బ్రిటన్‌కీ చైనాకీ యుద్ధమైంది, 1842లో నాన్‌కింగ్ ఒప్పందంతో ఐదు రేవులు తెరిచారు, హాంగ్‌కాంగ్ బ్రిటన్‌కి పోయింది.

ఆ తర్వాత టేస్టే మారిపోయింది. ఇంగ్లిష్‌లా ఉంటే ఎవడిక్కావాలి, చైనాదని తెలియాలి అన్నారు కొనేవాళ్ళు. ఈ మగ్గు చూడండి, పిడే ఒక డ్రాగన్, ఒంటి నిండా యుద్ధం సీన్లు, వెదురు, చామంతులు, అంతా నక్షి పని, లోపలి నుంచి కొట్టి బయటికి ఉబ్బించింది. మరి లోపల గుంటలు పడాలి కదా? చేయి పెడితే నున్నగా ఉంటుంది, ఎందుకంటే లోపల ఇంకో వెండి గోడ వేశారు.

ముద్రలు కూడా మారాయి. వాంగ్ హింగ్ అనే షాపు సరుకైతే డబ్ల్యూహెచ్, పక్కన 90, అంటే 90 శాతం వెండి (ఇంగ్లండ్ ప్రమాణమైన స్టెర్లింగ్ వెండి అయితే 92.5), ఆ పక్కనే చిన్నగా చైనా అక్షరాలు. ఇంగ్లిష్ అక్షరాలు అమ్మిన షాపువి, చైనా అక్షరాలు చాలాసార్లు చేసిన వర్క్‌షాప్‌వి. వేలంలో కొనేవాళ్ళు ముందు సామాను బోర్లించేది అందుకే. ఇప్పుడు డబ్ల్యూహెచ్ 90 అని దొంగ ముద్ర కొట్టిన కొత్త సరుకు కూడా తిరుగుతోంది, కాబట్టి ముద్ర ఒక్కటే చూసి డబ్బులు కట్టేయకండి, నక్షి పని ఎంత లోతుగా, ఎంత షార్ప్‌గా ఉందో కూడా చూడండి.